మూకచిత్రమున మృచ్ఛకటికము

మాటలచిత్రములు మనదేశమున వెలసిన 1931లోనే, శూద్రకుని మృచ్ఛకటికమును మోహన్ భవ్నానీ మూకచిత్రముగా నిర్మించెను. తిరుపతి వేంకటకవులు తెనిగించిన యీ నాటకము మన పాఠకులకు క్రొత్తది కాదు. అయినను దానిని ప్రణయకథగా నెన్నువారే గాని నేరవిచారణగా జదువువా రరుదు.

చారుదత్తుని పసికుమారుడు మట్టిబండి వలదని యేడ్వగా, వేశ్యాకులమున బుట్టిన వసంతసేన తన నగలు తీసి యా బండిలో నింపును. పిదప శకారుడు ఆమె గొంతు నులిమి, చచ్చినదని తలచి, యెండుటాకులు కప్పి, తానే ఫిర్యాదియై న్యాయసభకు వచ్చును. నగలకై చారుదత్తుడే చంపెననును. తోటలో వేఱొక స్త్రీ కళేబరము కనబడును. తిరిగి యిచ్చివేయుటకై మైత్రేయుడు కొనిపోవుచున్న యా నగలే సభలో జాఱిపడును. దయకు గుఱుతైనది హత్యకు సాక్ష్యమైనది! దేశబహిష్కారము చాలునని న్యాయాధికారి విన్నవించినను, పాలకుడను రాజు మరణదండన విధించును. మూకచిత్రమున వాదములు ఫలకములపై నక్షరములుగా నిలువవలసినదే. నగలు జాఱుట మాత్రము కంటికి తానే చెప్పును.

ఈ చిత్రమున ఎనాక్షీ రామారావు, కన్నడ నాటకకర్త టి. పి. కైలాసం, కమలాదేవీ చటోపాధ్యాయ నటించిరి. కమలాదేవి 1903లో మంగుళూరున జన్మించి, చిన్ననాడే వితంతువై, హైదరాబాదున బుట్టిన హరీంద్రనాథ చటోపాధ్యాయుని పునర్వివాహమాడెను. 1926లో మద్రాసు శాసనసభకు పోటీచేసి కొలది వోట్లతో నోడెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున నిలిచెను.

స్త్రీ రంగమెక్కిన చెడునను తీర్పు అప్పటికి బలముగా నుండెను. 1913లో ఫాల్కే తీసిన హరిశ్చంద్రమున తారామతి సాలుంకే యను పురుషుడు. మన యాంధ్రరంగమున స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా మెప్పించెను. ఆయన కళ లోపము లేనిది. లోపము స్త్రీకి చోటీయని సంఘమునది.

అందుచే కమలాదేవి రాకవలన సినిమాకు గౌరవము గలిగెనని మనము సంతసింతుము. కాని కులీన వచ్చినందుననే వృత్తి పవిత్రమైనదన్నచో, జన్మమును జూచి తీర్పుచెప్పుట మానినవారము కాము. 1913లోనే ఫాల్కే చిత్రమగు మోహినీ భస్మాసురమున దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించిరి. వారికి ఏ రాజకీయ కీర్తియు కవచముగా లేదు.

నాటకాంతమున క్రొత్త రాజు వసంతసేనకు వధూపదము నొసగును. బిడ్డని బండిలో నగలు నింపిననాడే యామె దానికి తగినది. రాజశాసనము వచ్చువఱకు లోకమునకది కనబడలేదు. ముందు తీర్పు, పిదప విచారణ యను నీ యలవాటు న్యాయసభలలోనేకాక మన యిండ్లలోను మానవలెను.