తోట పీకెయ్యమంటారా?

మా ఇంట్లో రెండు విషయాల మీద ఎప్పటికీ ఏకాభిప్రాయం కుదరదు. ఒకటి, పప్పుచారులో బెల్లం ముక్క వెయ్యాలా వద్దా అన్నది. రెండోది, ఓడిపోతున్న జట్టుని ఏం చెయ్యాలన్నది. మొదటిది మా అత్తమ్మ చేతిలో గరిటె ఉన్నంతకాలం తేలదు. రెండోదాని గురించే ఈ నాలుగు మాటలూ.

2021 చివర, చలికాలం. మా తిరుమలాయపాలెంలో చీకటి పడగానే తలుపులేసుకుని అందరం టీవీ ముందు చేరేవాళ్ళం. తెలుగు టైటాన్స్ అని మన కబడ్డీ జట్టు. కరోనా మూలంగా ఆ సారి ఆటలన్నీ బెంగుళూరులోనే పెట్టారు. ఆడటమంటే మనవాళ్ళకి ఓడటమనే అర్థం. ఫిబ్రవరిలో లెక్క చూస్తే ఇరవై రెండు ఆటల్లో గెలిచింది ఒక్కటి. నాలుగు సమానం. మిగిలిన పదిహేడూ ఓటమే. పన్నెండు జట్లలో అట్టడుగు.

"అందర్నీ తీసెయ్యాలె అత్తా! ఒక్కణ్ణి కూడా ఉంచొద్దు. ఇరవై యేళ్ళలోపు పిల్లల్ని తెచ్చి మొదట్నించీ కట్టుకు రావాలె" అన్నాడు ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు. వాడికి ఇరవై దాటిన ప్రతివాడూ ముసలివాడే.

"పిల్లల్ని తెస్తే పిల్లచేష్టలే చేస్తరు. పేరున్న రైడర్ని ఒక్కణ్ణి కొనాలె వదినా, ఎంతైనా గానీ" అన్నాడు మా మరిది.

మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇంట్లో తగువొచ్చినప్పుడు ఆయనకి అదే కోట.

కందిపప్పులో రాళ్ళేరుతున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది: "రాత్రికి రాత్రి అందర్నీ మారిస్తే అది మన జట్టెట్ల అయితదిరా? ఎవరి జట్టో మన పేరు పెట్టుకుని ఆడినట్టుంటది."

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి నాకో జబ్బుంది. ఎవరైనా వాదించుకుంటుంటే, ఈ వాదన ఇంతకు ముందు ఎక్కడ జరిగిందా అని వెతుకుతాను. అలా వెతగ్గా తెలిసిందేమిటంటే, మా మేనల్లుడి మాటకి ఎనభై యేళ్ళ పైబడిన వంశవృక్షం ఉంది!

అమెరికాలో ఫుట్‌బాల్ అని ఒక ఆట. అండాకారపు బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం ఎక్కువ, కాలితో తన్నడం తక్కువ. 1935 నాటికి ఫిలడెల్ఫియా ఊరి జట్టు ఓడుతూనే ఉంది. దాని యజమాని బెర్ట్ బెల్‌కి ఒక సంగతి తట్టింది. కాలేజీల్లోంచి వచ్చే మంచి ఆటగాళ్ళందర్నీ డబ్బున్న న్యూయార్కు, చికాగో జట్లే ఎగరేసుకు పోతున్నాయి. అంచేత గెలిచినవాళ్ళే గెలుస్తున్నారు, ఓడినవాళ్ళే ఓడుతున్నారు. దీనికి విరుగుడుగా, ఆఖరున నిలిచిన జట్టుకే కొత్తవాళ్ళలో మొదటి ఎంపిక ఇవ్వాలని ప్రతిపాదించాడు. మిగిలినవాళ్ళు ఒప్పుకున్నారు. దాన్నే డ్రాఫ్ట్ అన్నారు. మనకి తెలిసిన డ్రాఫ్టల్లా బ్యాంకు డ్రాఫ్టే గనక ఈ వివరణంతా.

మొదటి డ్రాఫ్ట్ 1936లో జరిగింది. ఆఖరి జట్టు బెల్‌దే కాబట్టి మొదటి ఎంపికా ఆయనదే. జే బెర్వాంగర్ అనే కుర్రాణ్ణి ఎంచుకున్నాడు. ఆ అబ్బాయి అడిగిన జీతానికీ వీళ్ళిస్తామన్నదానికీ పొంతన కుదరలేదు. వేరే జట్టుకి హక్కు బదలాయించినా అక్కడా కుదరలేదు. అతగాడు శుభ్రంగా రబ్బరు వ్యాపారంలో ఉద్యోగం చూసుకున్నాడు. పెళ్ళికొడుకుని ఎంపిక చేసుకున్నాక అబ్బాయి "నాకీ సంబంధం వద్దు" అన్నట్టన్నమాట!

ఐస్ హాకీవాళ్ళు ఇదే పద్ధతిని 1963లో కెనడాలోని మాంట్రియల్‌లో మొదలుపెట్టారు. మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు సుమండీ, మంచు మీద జారుతూ ఆడేది. అక్కడి అభిమానులు ఇప్పటికీ జుట్లు పట్టుకునేది ఈ ప్రశ్న మీదే: ఎలాగూ ఓడుతున్నాం కదా, బాగా ఓడి మొదటి ఎంపిక కొట్టేస్తే ఏం?

నవ్వులాట కాదు. 1983-84లో పిట్స్‌బర్గ్ జట్టు, న్యూజెర్సీ జట్టు అడుగున పోటీ పడ్డాయి. ఆ యేడు మారియో లెమ్యూ అనే అద్భుతమైన కుర్రాడు ఎంపికకి వస్తున్నాడని అందరికీ తెలుసు. పిట్స్‌బర్గ్ ఆఖరున నిలిచి లెమ్యూని దక్కించుకుంది. కావాలనే ఓడారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కానీ ఒకటి గమనించండి. ఆ పిల్లవాడు 1984లో వచ్చాడు, కప్పు వచ్చింది 1991లో. ఏడేళ్ళు! దేవుడిలాంటి ఆటగాడు దొరికినా, చుట్టూ నలుగుర్ని సమకూర్చుకోవడానికి అంతకాలం పట్టింది. ఈ కావాలని ఓడే వ్యవహారం ముదురుతోందని 1995లో హాకీవాళ్ళు లాటరీ పెట్టారు. ఆఖరున వచ్చినా మొదటి ఎంపిక మీదేనన్న భరోసా లేకుండా చేశారు.

ఇదంతా నేను చెబుతుంటే అత్తమ్మ ఒక్కసారి కళ్ళజోడు సవరించుకుంది. "కావాలని ఓడేటోళ్ళుంటరా? అప్పు మాఫీ అయితదని ఎవరన్నా చేను ఎండబెట్టుకుంటరా?"

ఎవరం మాట్లాడలేదు. ఎంచేతంటే ఆ యేడు మా మరిది నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. మా ఖమ్మం జిల్లాలోనూ, పక్కన వరంగల్ వైపూ మిరప తోటల్ని ఆ చలికాలం నల్ల తామర పురుగు పట్టింది. పూవులో దూరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఎంతోమంది రైతులు కన్నీళ్ళతో తోటలు పీకేసి, ఉన్న కాస్త తడిలో మొక్కజొన్న వేసుకున్నారు. పీకాలా, ఉంచాలా అని మా మరిదికి నిద్ర లేదు. మా తోడికోడలు గొలుసు అప్పటికే కుదువలో ఉంది. జట్టు గురించి అతను అంత గట్టిగా ఎందుకు అరుస్తున్నాడో నాకప్పుడు తెలిసొచ్చింది.

మన దగ్గర డ్రాఫ్ట్ లేదు, పాటే. మా వైపు వాళ్ళకి పాటంటే చెప్పక్కర్లేదు. ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున్నే జెండా పాట పెడతారు. ఆ పాటలో పలికిన ధర పేపర్లో పడుతుంది. మన బస్తాలకి ఆ ధర రావడం మన అదృష్టాన్ని బట్టి. ఆటగాళ్ళ పాట కూడా అచ్చం అంతే. 2008 ఫిబ్రవరి 20న బొంబాయిలో మొదటి క్రికెట్ పాట టీవీలో చూసి, "పోనీలే, మగవాళ్ళని ఇలా బహిరంగంగా వెల కట్టడం ఇదే మొదలు" అన్నాన్నేను. "మొదలేంటక్కా, పెళ్ళిళ్ళల్ల ఎప్పట్నించో ఉన్నదేగా" అంది తోడికోడలు.

ఆ పాటలో మన హైదరాబాదు జట్టు దక్కన్ చార్జర్స్. కొన్ని నగరాల జట్లకి సొంత ఊరి పెద్ద ఆటగాణ్ణి పాట లేకుండానే ఇచ్చారు గానీ, అందరికంటే అతనికి పదిహేను శాతం ఎక్కువ ఇవ్వాలని షరతు. మన లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్ళని కొనుక్కోండి అన్నాడు. ఇంటి పెద్దకొడుకు తన వాటా తగ్గించుకుని చెల్లెలి పెళ్ళి చేసినట్టుంది కదూ! జట్టువాళ్ళు ఆండ్రూ సైమండ్స్‌ని పదమూడున్నర లక్షల డాలర్లకి పాడారు. ధోనీ తర్వాత ఆ రోజు అదే పెద్ద పాట. గిల్‌క్రిస్ట్, గిబ్స్, ఆఫ్రిదీ, రోహిత్ శర్మ, ఆర్.పి.సింగ్ అందరూ మనవాళ్ళే అయ్యారు. ఫలితం? పద్నాలుగు ఆటల్లో రెండే గెలుపులు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం.

అప్పుడూ ఇదే కేక. "అందర్నీ మార్చండి!" కానీ జట్టువాళ్ళు అందర్నీ మార్చలేదు. పగ్గాలు గిల్‌క్రిస్ట్ చేతికిచ్చారు. కోచ్‌గా డారెన్ లేమన్‌ని తెచ్చారు. కొత్తగా ఫిడెల్ ఎడ్వర్డ్స్ లాంటి ఒకరిద్దర్ని చేర్చారు. మిగిలినవాళ్ళు చాలామంది వాళ్ళే. 2009లో మనకి ఎన్నికలని ఆటలు దక్షిణాఫ్రికాకి తరలాయి. మే 24న జోహాన్నెస్‌బర్గ్‌లో ఫైనలు. మనవాళ్ళు కొట్టింది 143. అవతల బెంగుళూరు 137 దగ్గర ఆగింది. ఆరు పరుగులతో కప్పు మనది! అంతకు ముందు యేడు తిట్లు తిన్న గిబ్సే ఆ రోజు చివరిదాకా నిలబడి 53 చేశాడు. అంతకు ముందు యేడు ఆడిన ఆర్.పి.సింగే 23 వికెట్లతో అందరికంటే పైన నిలిచాడు. మన హైదరాబాదు కుర్రాడు సుమన్, విశాఖపట్నం వేణుగోపాలరావు కూడా ఆ ఫైనల్లో ఉన్నారు. హోదా వదులుకున్న లక్ష్మణ్ మాత్రం లేడు. పందిరి వేసినవాడు ఒక్కోసారి భోజనాల పంక్తిలో కనపడడు.

తోట పీకని కథ అది. పీకిన కథా వెంటనే ఉంది. 2011 పెద్ద పాటకి ముందు ఒక్కో జట్టు నలుగురి దాకా ఆటగాళ్ళని అట్టిపెట్టుకోవచ్చన్నారు. చార్జర్స్ ఒక్కణ్ణీ అట్టిపెట్టుకోలేదు. మొత్తం కొత్తగా కడదామనుకున్నారు. రోహిత్ శర్మ బొంబాయి వెళ్ళి, తర్వాత కెప్టెనై, ఆ ఊరికి ఐదు కప్పులు తెచ్చిపెట్టాడు. మన జట్టు మళ్ళీ లేవలేదు. 2012లో డబ్బు చిక్కుల్లో పడి జట్టే రద్దయింది. ఆ చోట్లోకి వచ్చిందే ఇప్పటి సన్‌రైజర్స్.

అయితే పీకడం ఎప్పుడూ తప్పేనా? అదీ కాదు. సన్‌రైజర్స్ 2023లో పదింట పదో స్థానంలో నిలిచింది. ఆ డిసెంబరులో ఇరవైన్నర కోట్లకి కమిన్స్‌ని పాడి కెప్టెన్ని చేశారు. హెడ్‌ని తెచ్చారు. కానీ వాళ్ళతో పాటు, ఇరవై లక్షలకి ముందే తీసుకున్న మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని వదలకుండా నమ్మారు. 2024లో ఫైనలు దాకా వెళ్ళారు. అక్కడ ఓడారనుకోండి, అది వేరే ఏడుపు.

ఇక మా టైటాన్స్. మా మరిది కోరిక దేవుడు విన్నాడు. 2023లో పవన్ సెహ్రావత్ అనే మేటి రైడర్ని రెండు కోట్ల అరవై లక్షల పై చిలుకుకి పాడారు. కబడ్డీలో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజనులో గెలిచిన ఆటలు రెండు! వరసగా మూడు సీజన్లూ కలిపి అరవై ఆరు ఆటల్లో ఐదు గెలుపులు. మరిది నోట మాట లేదు. ఒక్కడు తొడగొడితే కాదు, గొలుసు పట్టే ఏడుగురూ చెయ్యి వదలకుండా ఉండాలి. కొత్త కోచ్‌గా కృష్ణకుమార్ హుడా వచ్చాడు, డిఫెన్సు చక్కబడింది, విజయ్ మలిక్ భుజానికెత్తుకున్నాడు. 2024లో పన్నెండు ఆటలు గెలిచారు. పేరున్నవాడు మధ్యలో గాయపడినా జట్టు నిలబడింది.

మా మేనకోడలు ఒకనాడు అడిగింది: "ఆడపిల్లల పాటల హైదరాబాద్ జట్టెందుకు లేదత్తా?" 2023లో మొదలైన ఆడవాళ్ళ క్రికెట్ లీగుకి ఐదే జట్లు, మన ఊరి పేరుతో ఒక్కటీ లేదు. మా పక్క భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025లో అండర్-19 ప్రపంచ కప్పులో మేటి క్రీడాకారిణి అయింది. అడవి అంచున పుట్టిన పిల్ల! జట్టే లేనిచోట ఓడే అదృష్టం కూడా ఉండదని దానికెలా చెప్పను?

ఇంతకీ నా మనసుని పట్టుకున్నది బెర్ట్ బెల్ ఆలోచన. ఆఖరున ఉన్నవాడికి మొదటి ఎంపిక. ఎంత వింతైన న్యాయం! మన లోకంలో ఆఖరున ఉన్నవాడికి అన్నీ ఆఖర్నే. విత్తనాల కొట్లో మంచి రకం ముందు నగదున్నవాడికి. బ్యాంకులో అప్పు ముందు పాత బాకీ లేనివాడికి. పంట పోయినవాడు వరసలో ఎప్పుడూ చివరివాడు. ఆట కోసం పెట్టుకున్న నియమం అన్నం పండించేవాడి దాకా రాలేదేం అనిపిస్తుంది.

మా మరిది ఏం చేశాడని అడుగుతారేమో. రెండెకరాలు పీకి మొక్కజొన్న వేశాడు. రెండెకరాలు ఉంచాడు. పీకిన రోజు మా తోడికోడలు వంట చెయ్యలేదు. అత్తమ్మే పప్పుచారు కాచి అందరికీ వడ్డించింది. ఉంచినదాంట్లో వచ్చిన కాయ మందుల కొట్టు బాకీకి సరిపోయింది. గొలుసు ఇంటికి రావడానికి ఇంకో రెండు పంటలు పట్టింది. అదొచ్చిన రోజు మెళ్ళో వేసుకుని, "జెండా పాట ధర మనకెప్పుడూ రాలేదు గానీ, గొలుసొచ్చింది అక్కా" అంది.

టైటాన్స్ ఆటున్న రోజు మేం ఇప్పటికీ టీవీ ముందు చేరుతాం. మేనల్లుడు డిగ్రీకొచ్చాడు. ఇరవై దాటింది. "అందర్నీ తీసెయ్యాలె" అనడం మానేశాడు.

పప్పుచారులో బెల్లం మాత్రం అత్తమ్మ వేస్తూనే ఉంది.