బీడీల చాట, డెలివరీ బండి



షోలాపూర్ అనగానే మనకు మగ్గం, చద్దరు గుర్తొస్తాయి. కానీ అక్కడి మన పద్మశాలి ఇళ్లను నిలబెట్టిన పని ఇంకొకటి ఉంది. మగవాళ్లు మగ్గాల మీద ఉంటే, ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. తునికాకు, పొగాకు తెచ్చుకోవాలి, ఇంట్లో చుట్టి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీలకింత. బాగా లేవని తీసేసిన బీడీల దగ్గర రోజూ తగవే. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు మా కార్మికులు కారన్నది యజమానుల వాదన.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆ వాదనను తోసిపుచ్చింది. ఇంట్లో చుట్టేవారినీ ఉద్యోగులుగానే లెక్కగట్టింది. బీడీలు తిరస్కరిస్తే ఆ తగవు తేల్చడానికి అధికారి ఉండాలంది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. 1985లో ఇంటి దగ్గర చుట్టేవారికీ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని అదే కోర్టు తేల్చింది.

ఇవాళ మన కుర్రాళ్లు పుణెలో, బెంగళూరులో యాప్‌ల కింద బండి నడుపుతున్నారు. కూలి ఆర్డరుకింత. పెట్రోలు, రిపేరు వాళ్లవే. ఐడీ ఆగిపోతే ఎందుకో చెప్పే మనిషి దొరకడు. పిలుపు మాత్రం 'భాగస్వామి'.

2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికులను గుర్తించింది, నిజమే. కానీ నిర్వచనంలోనే వాళ్లను సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట నిలబెట్టింది. సంక్షేమ పథకాలు రావచ్చు, కనీస వేతనం అడగడానికి మాత్రం ఆ నిర్వచనం అక్కరకు రాదు. 1966లో నాయనమ్మకు దక్కిన 'ఉద్యోగి' అన్న మాట మనవడికి దక్కలేదు.

కర్ణాటక 2025లో చేసిన చట్టం కొంత ముందుకెళ్లింది. పనివారి పేర్లు బోర్డులో నమోదు కావాలి. వారికిచ్చే ప్రతి చెల్లింపు మీద కంపెనీ 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము కట్టాలి. తీసేయాలంటే కారణం రాసి 14 రోజుల ముందు చెప్పాలి.

అయితే బీడీ చట్టం కూడా దానంతటది ఇంటికి నడిచి రాలేదు. గుర్తింపు కార్డు ఉన్న ఇంటికే నిధి నుంచి వైద్యం, పిల్లల స్కాలర్‌షిప్పు అందాయి. కాగితం లేనివాళ్లు ఎంత చుట్టినా లెక్కలోకి రాలేదు. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ కష్టం కొత్త కాదు.

మన సంఘాలు పెళ్లి సంబంధాలకు జాబితాలు రాస్తాయి. పక్కనే ఇంకో జాబితా రాద్దాం. బండి నడిపే పిల్లలెవరు? ఈ-శ్రమ్‌లో, కర్ణాటకలోనైతే బోర్డులో, నమోదయ్యారా? ఐడీ ఆగిన రోజు తెర మీద కనబడ్డది ఫొటో తీసి దాచుకున్నారా? రేపు హక్కు అడగాలంటే ముందు మన పేరు లెక్కలో ఉండాలి.