పుట్టుకయే నేరమా?



మాది పల్నాటిసీమలోని రొంపిచెర్ల. నా చిన్ననాట ఎరుకలవారు గంపలు, చేటలు అమ్మవచ్చినచో మా పెద్దలు వాకిట కూర్చుండబెట్టి బేరమాడెడివారు. ఎరుకలసానిచేత సోదె చెప్పించుకొనెడివారు. పొద్దు గ్రుంకినతోడనే ఆ పెద్దలే, “ఎరుకలవాండ్రు ఊరిబయట దిగినారు, గొడ్లను లోపల కట్టివేయుడు” అని హెచ్చరించెడివారు. ఈ పగటి నమ్మకమునకును రాత్రి భయమునకును వెనుకనున్న చరిత్రను నేడు మనవి చేసెదను.

పూర్వము ఎరుకలవారు ఎద్దులమీదను గాడిదలమీదను సముద్రతీరపు ఉప్పును మెట్టసీమకు చేర్చి, ధాన్యమును మరల తీసికొని పోవుచుండిరి. రైలు మార్గములు వచ్చి ఆ వర్తకము చెడినది. అడవి చట్టములు వచ్చి వెదురునకును మేతకును అడ్డు కలిగినది. బ్రదుకుతెరువు పోయి తిరుగుచున్న వారిని దొరతనమువారు అనుమానింపసాగిరి.

వడ్రంగికొడుకు వడ్రంగి యైనట్లే, దొంగకొడుకు దొంగయే యగునని ఆ పాలకులు తలచిరి. 1871లో నేరస్థజాతుల చట్టము పుట్టెను; 1911లో అది మద్రాసు రాజధానికి వ్యాపించెను. ఒక తెగను నేరస్థజాతిగా ప్రకటించిన పిదప, ఏ నేరమును చేయనివారును పేరు వ్రాయించుకొని వ్రేలిముద్ర వేయవలెను. పిలిచినప్పుడు హాజరు పలుకవలెను. ఆ ప్రకటనను న్యాయస్థానములో ప్రశ్నించుటకును వీలులేదు. వారి రాకపోకలను తెలియజేయు బాధ్యత గ్రామ మునసబులమీదను తలారులమీదను పడెను.

1913లో బాపట్ల చేరువ, సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేర, స్టూవర్టుపురము వెలసెను. దానిని నడపిన సాల్వేషన్ ఆర్మీవారు భూమియు, చదువును చూపి, ఇది ఉద్ధరణ మనిరి. పోలీసువారు శాంతిరక్షణ మనిరి. గొడ్లు పోగొట్టుకొనిన రైతు ఊపిరి పీల్చుకొనెను. అతని నష్టము కల్ల కాదు. అనుమతిలేనిదే పొలిమేర దాటరాని ఎరుకలవానికి మాత్రము అది చెర. నలుగురును తమ తమ అనుభవమునే పలికిరి. కాని నాలుగవవాని మాటను మాత్రము అడిగినవారు లేరు.

1936లో జవహర్లాల్ నెహ్రూ నెల్లూరులో ఈ చట్టమును తీవ్రముగా ఖండించెను. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీని అది రద్దయ్యెను. పిదప వచ్చిన అలవాటు నేరస్థుల చట్టములు జాతిని విడిచి వ్యక్తిని చూచునట్టివి. కాగితముపై మాట మారినను, అనుమానము పాత గుడిసెలకే త్రోవ తీయుచు వచ్చినది. అమెరికాలో నల్లవారికిని పోలీసులకును నడుమ నేటికిని నడచుచున్న తగవు ఇట్టిదే: ఒకరు రక్షణ మనుదానిని వేరొకరు వేటగా ఎరుగుదురు.

గ్రామపెద్దలారా! దొంగ దొరికినచో శిక్షింపవలసినదే. అందు సందేహము లేదు. కాని మన యూర దొంగతనము జరిగిన తెల్లవారి, సాక్ష్య మింకను దొరకక మునుపే, మన చూపు ఎవరి వాకిటివైపు పోవునో ఒక్కసారి చూచుకొందము. మునసబుగిరీలు పోయినవి, హాజరుపట్టీలు పోయినవి. ఆ చూపును మాన్పవలసినది మనమే.