ఒక్క డాలర్ సంతకం: మహిళల టెన్నిస్ టూర్ ఎలా పుట్టింది?

ఈ రోజు ఒక్క డాలర్ కథ చెప్పుకుందాం.

1970. లాస్ ఏంజిల్స్‌లో పసిఫిక్ సౌత్‌వెస్ట్ టోర్నమెంట్. మగవాళ్ళలో గెలిచినవాళ్ళకి 12,500 డాలర్లు, ఆడవాళ్ళలో గెలిచినవాళ్ళకి 1,500. ఎనిమిది రెట్లకు పైగా తేడా! బిల్లీ జీన్ కింగ్, రోసీ కాసల్స్ లాంటివాళ్ళకి ఒళ్ళు మండింది. 'వరల్డ్ టెన్నిస్' పత్రిక నడిపే గ్లాడిస్ హెల్డ్‌మన్ దగ్గరికెళ్ళారు. ఆవిడ హ్యూస్టన్‌లో ఆడవాళ్ళ కోసమే ఒక టోర్నమెంట్ పెట్టేశారు.

అమెరికా టెన్నిస్ సంఘం ఊరుకుంటుందా? ఆడితే సస్పెండ్ చేస్తామంది. అయినా సెప్టెంబర్ 23న తొమ్మిదిమంది హెల్డ్‌మన్‌తో ఒక్కో డాలర్‌కి కాంట్రాక్ట్ సంతకం చేశారు. ఏడుగురు అమెరికన్లు, ఇద్దరు ఆస్ట్రేలియన్లు. అదే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన మార్గరెట్ కోర్ట్ ఆ తొమ్మిదిమందిలో లేరు. అంటే నంబర్ వన్ స్టార్ లేకుండానే దిగారన్నమాట.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేరినప్పుడు ఆఫర్ లెటర్‌లో ముందు చూసింది జీతం అంకె. వీళ్ళు చూసింది వేరే. ఆ ఒక్క డాలర్‌తో వాళ్ళు ప్రొఫెషనల్స్ అయ్యారు, కానీ దేశం తరఫున ఆడే అవకాశం, పెద్ద టోర్నమెంట్లు అన్నీ పణంగా పెట్టారు.

1971లో వర్జీనియా స్లిమ్స్ పేరుతో పూర్తి సీజన్ నడిచింది. ఊరూరా తిరిగి ఆడటమే కాదు, టికెట్లు అమ్ముడుపోవడానికి ప్రచారం కూడా వాళ్ళే చేసుకున్నారు. ఆ ఏడాది కింగ్ లక్ష డాలర్లు దాటారు. ఒక్క ఏడాదిలో అంత సంపాదించిన తొలి క్రీడాకారిణి ఆవిడే. ప్రెసిడెంట్ నిక్సన్ ఫోన్ చేసి మరీ అభినందించారు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం కూడా చెప్పాలి. వర్జీనియా స్లిమ్స్ అంటే సిగరెట్ బ్రాండ్. ఊపిరితో ఆడే ఆటకి పొగ డబ్బు! తప్పా అంటే, నా వరకు తప్పే. కానీ అప్పుడు నమ్మి డబ్బు పెట్టింది ఆ కంపెనీయే. రెండూ నిజాలే.

1973లో లండన్‌లో డబ్ల్యూటీఏ పుట్టింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్ సమాన ప్రైజ్‌మనీ ఇచ్చింది. వింబుల్డన్ మాత్రం 2007 దాకా ఆగింది.

2005లో మన హైదరాబాద్‌లో సానియా మీర్జా గెలిచిన సింగిల్స్ టైటిల్ ఆ డబ్ల్యూటీఏ టూర్‌దే. భారత మహిళకి అదే మొదటిది. ఆ సంతకాలు లేకపోతే ఆ టూర్ ఇలా ఉండేదా?

మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.