చల్లారితే కనబడదు

ట్రైకోమోనాస్ అనే క్రిమిని కనిపెట్టి 2036కి 200 ఏళ్లు నిండుతాయి. అప్పటిదాకా ఆగుదామంటే సంపాదకులు వినలేదు, గురువారానికల్లా కావాలన్నారు.

ఆడవాళ్లు గొంతు తగ్గించి ‘తెల్లబట్ట’ అని చెప్పుకునే బాధ ఏనాటిదో. గ్రంథాలు దాన్ని వర్ణించాయి, కషాయాలు చెప్పాయి. అందులో ఏం ఈదుతోందో మాత్రం ఎవరూ చూడలేదు. 1670ల్లో హాలెండు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ నీటిచుక్కలో జీవుల్ని చూశాక కూడా మరో 150 ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

అప్పుడొచ్చాడు నాకిష్టమైన మనిషి, పారిస్ డాక్టరు ఆల్ఫ్రెడ్ డొన్నే. 1836లో స్రావాన్ని గాజుపలక మీద వేసి చూస్తే, చీముకణాల మధ్య కొరడాలు ఝళిపిస్తూ ఒక జీవి! అదే ట్రైకోమోనాస్. అక్కడి వైద్య పెద్దల్లో చాలామందికి సూక్ష్మదర్శిని అంటే గురి లేదు. డొన్నే ఊరుకోలేదు, దాని వాడకం నేర్పే తరగతులు తానే పెట్టాడు. సహాయకుడిగా ఒక కుర్రాడు దొరికాడు. రక్తం చూడలేక వైద్యవిద్య మానేసినవాడు, పేరు లియాన్ ఫూకో. ఇద్దరూ కలిసి సూక్ష్మదర్శినికి డాగెర్రోటైపు కెమెరా తగిలించి, 1845లో ఏకంగా బొమ్మల పుస్తకమే తెచ్చారు. ఆ ఫొటోలు అచ్చుకు లొంగవు కాబట్టి చేత్తో మళ్లీ చెక్కించాల్సి వచ్చింది. ఆరేళ్లకు ఫూకో లోలకంతో లోకప్రసిద్ధుడయ్యాడు. డొన్నే పేరు పాఠ్యపుస్తకాల్లోనే ఉండిపోయింది.

ఆ క్రిమి ఒట్టి అతిథి కాదు, రోగకారకమేనని ఒప్పుకోవడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది. పరీక్ష మాత్రం డొన్నే నాటిదే: సెలైన్ చుక్కలో స్రావం కలిపి, కవర్‌స్లిప్ వేసి, వెంటనే చూడటం. దీన్నే వెట్ మౌంట్ అంటారు. నాకు ఒకసారి చూపించిన టెక్నీషియన్, ‘వేడి మీదుండగానే చూడాలండీ, చల్లారితే కదలడు’ అన్నాడు. బేరిపండు ఆకారంలో ఉన్న ఆ జీవి గిజగిజలాడుతోంది. కాసేపటికి కదలిక ఆగింది. ఇక అది ఏదో, పక్కనున్న తెల్లకణం ఏదో నాకు తెలియలేదు. అందుకే ఉన్న కేసుల్లో ఈ పద్ధతికి దొరికేది 44–68 శాతమే.

1957లో డైమండ్ అనే పరిశోధకుడు తయారుచేసిన ద్రవంలో దీన్ని రోజుల తరబడి పెంచి చూడగలిగారు. 2011లో జన్యుపదార్థాన్ని పట్టే నాట్ పరీక్షకు అమెరికా అనుమతి ఇచ్చింది. దానికి క్రిమి బతికి ఉండనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2020లో కొత్త కేసులు 15.6 కోట్లు. ఇది లైంగికంగా సోకేది, మగవాళ్లకూ వస్తుంది. వాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు, అడిగితే ‘నాకేం లేదే’ అంటారు.

మన దగ్గర ఇలాంటి వ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లున్నాయి. సూక్ష్మదర్శిని అందని చోట లక్షణాలు విని ఆకుపచ్చ మందుల కిట్ చేతిలో పెడతారు. గాజుపలక దాకా వెళ్లరు.