వాడవారి తోట

మన పల్లెలలో పెరడు లేని ఇల్లు అరుదు. బావి దగ్గర పారిన నీటికి రెండు అరటి చెట్లు, దడి మీద బీరతీగ, పందిరికి చిక్కుడు, ఒక మూల కరివేపాకు మొక్క. ఇంతపాటి వ్యవసాయం ఏ ఇల్లాలి చేతిలోనైనా సాగుతుంది. ఆ ఇల్లాలే పట్టణం చేరి మూడవ అంతస్తులో కాపురం పెట్టినప్పుడు ఆమెకు మిగిలేది కిటికీలోని తులసి కుండీ ఒక్కటే. పెరడు లేని పదిమంది కలిసి ఒక ఖాళీ స్థలాన్ని తమ పెరడుగా చేసుకోవడమే ఉమ్మడి తోట.

వినడానికి ఇది చిన్న సంగతి. కాని ఆ స్థలం ఎవరిది, దానిని ఎంతకాలం వాడుకోవచ్చును, గేటు తాళంచెవి ఎవరి వద్ద ఉండవలె అన్న ప్రశ్నలు పుట్టేసరికి ఈ చిన్న సంగతిలోనే ఒక మహానగర చరిత్ర ఇమిడి ఉన్నట్లు తోస్తుంది. ఆ నగరం న్యూయార్కు. అయితే అంతకు ముందు నడచిన కథ కొంత చెప్పవలసి ఉన్నది.

1893లో అమెరికాను గొప్ప ఆర్థిక సంక్షోభం ముంచివేసినది. కర్మాగారాలు మూతపడి డిట్రాయిట్ నగరంలో వేలాది కుటుంబాలకు పని లేకపోయినది. ఆ నగరపు మేయరు హేజెన్ పింగ్రీ 1894లో ఒక ఉపాయం ఆలోచించినాడు. ఊరి చుట్టూ బీడుపడి ఉన్న స్థలాలను యజమానులను అడిగి తీసుకొని, పని లేని కుటుంబాలకు పంచి, బంగాళాదుంపలు, చిక్కుళ్ళు వేయించినాడు. ఖర్చులకు డబ్బు చాలక తన గుర్రాన్నే వేలం వేసినాడు. మొదట నవ్విన పత్రికలు, పెద్దమనుషులు పంట ఇల్లు చేరిన తరువాత నోరు మెదపలేదు. అనేక నగరాలు ఆ దారినే పట్టినవి. కాని కాలం అనుకూలించి కర్మాగారాలు తిరిగి తెరవగానే ఆ మడులు చాలావరకు మాయమైనవి. స్థలాల ధర పెరిగినది, యజమానులు తమ నేల తాము తీసుకొన్నారు.

రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోను ఇదే జరిగినది. రెండవ యుద్ధంలో ఆ దేశమంతటా సుమారు రెండు కోట్ల విజయోద్యానాలు వెలసినవి. తాజా కూరగాయలలో నూటికి నలభై పాళ్ళ వరకు వాటిలోనే పండినవని అంచనా. మన దేశంలోను అధికాహారోత్పత్తి ఉద్యమం ఆ యుద్ధకాలంలోనే ఆరంభమైనది. యుద్ధం ముగిసినది. బోస్టన్ నగరంలోని ఫెన్వే తోటల వంటి ఏ కొన్నో తప్ప విజయోద్యానాలు కూడ ముగిసినవి. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య. కరవులో ఇచ్చిన నేలను కలిమిలో తిరిగి లాగుకొనడమే ఉమ్మడి తోటలకు మొదటి నుండి ఉన్న గండం.

ఇక న్యూయార్కు మాట. 1970 దాటిన తరువాత ఆ నగరానికి గడ్డురోజులు వచ్చినవి. కలవారు శివారులకు తరలిపోయినారు. పేదల వాడలలో అద్దెలు గిట్టక ఇంటి యజమానులు భవనాలను పాడుపెట్టినారు. భీమా సొమ్ముకై కొందరు నిప్పు కూడ పెట్టించినారు. పన్ను బకాయిల క్రింద వేలాది స్థలాలు నగరపాలక సంస్థ పరమైనవి. ఇండ్లు కూల్చినచోట ఇటుక ముక్కలు, పాత పరుపులు, చెత్త గుట్టలుపడి ఉండేవి.

అటువంటి స్థలమొకటి బావరీ, హౌస్టన్ వీథుల కూడలిలో ఉండేది. ఆ ప్రాంతంలో నివసించే లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి 1973లో ఇరుగుపొరుగు వారిని, స్నేహితులను కూడగట్టినది. వీరు తమకు ‘గ్రీన్ గెరిల్లాలు’ అని పేరు పెట్టుకొన్నారు. విత్తనాలు, ఎరువు కలిపి కట్టిన ఉండలను కంచెల మీదుగా పాడుదిబ్బలలోనికి విసరడం వీరి తొలి పని. తరువాత ఆ కూడలి స్థలంలో చెత్త ఎత్తిపోసి, అడిగి తెచ్చిన మట్టి పరచి, కంచె నాటినారు. 1974 ఏప్రిలులో నగరపాలక సంస్థ నెలకు ఒక డాలరు అద్దెపై ఆ స్థలాన్ని వారికి ఇచ్చినది. మొదట అరవై ఎత్తు మడులు కట్టి కూరగాయలు వేసినారు. లిజ్ క్రిస్టీ రేడియోలో కూడ తోటపనిని గురించి ప్రసంగించేది. ఆమె 1985లో మరణించినది. ఆ తోటకు నేడు ఆమె పేరే ఉన్నది.

ఒకరిని చూసి ఒకరు వాడవాడలా మొదలుపెట్టినారు. పోర్టోరికో ద్వీపం నుండి వలస వచ్చినవారు తమ తోటలలో రేకులతో, చెక్కలతో చిన్న కుటీరాలు కట్టుకొని, సాయంత్రాలు అక్కడ చేరి వాద్యాలు వాయించేవారు. దక్షిణ రాష్ట్రాల నుండి వచ్చిన నీగ్రోజాతి వారసులు, నేడు ఆఫ్రికన్ అమెరికన్లని మనం పిలిచేవారు, తమ తాతల నాటి ఆకుకూరలను బ్రూక్లిన్‌లో పండించినారు. 1978లో నగరపాలక సంస్థ ‘గ్రీన్‌థంబ్’ అనే శాఖను నెలకొల్పి, ఏడాదికి ఒక డాలరు కౌలుపై స్థలాలు ఇచ్చి, మన్ను, కలప, పనిముట్లు సరఫరా చేసినది. కాని ఆ కౌలు తాత్కాలికం. నగరానికి స్థలం కావలసినప్పుడు ఖాళీ చేయవలె.

ఇటువంటి తోట ఎట్లా నడుస్తుంది? చేరదలచినవారు గేటు తెరచి ఉండే వేళకు వెళ్ళి అడుగుతారు. విడి మడులు ఉన్నచోట అవి కొద్ది కనుక పేరు వ్రాయించుకొని వంతు కోసం వేచి ఉండవలె. ఈలోగా ఉమ్మడి పనులకు రావచ్చును. దారులు ఊడ్చడం, ఆకు అలము ఎరువు కుప్పకు చేర్చడం, కంచె బాగుచేయడం అందరి పని. మడి దొరికినవారు చిన్న చందా చెల్లించి, నియమావళికి ఒప్పుకొని, తాళంచెవి పుచ్చుకొంటారు. మడిని కలుపు పట్టిస్తే అది ఇంకొకరికి పోతుంది. సమావేశాలలో పోట్లాటలూ ఉంటవి: నీళ్ళు ఎవరు ఎక్కువ పట్టినారు, ఎవరి చెట్టు ఎవరి మడికి నీడ పడుతున్నది, పండిన టమాటాలను ఎవరు కోసుకొనిపోయినారు. ఈ తగవులను తీర్చుకొంటూ ఒకరి భాష ఒకరికి రాని వారు కూడ సభ జరపడం, లెక్క వ్రాయడం, అర్జీ పెట్టడం నేర్చినారు. ఆ చదువు ముందు ముందు ఎంతగా అక్కరకు వచ్చేదీ అప్పుడు వారికి తెలియదు.

1990 దాటిన తరువాత నగరానికి మళ్ళీ కళ వచ్చినది. పాడుదిబ్బల ప్రక్కన కూడ ఇళ్ళ ధరలు ఆకాశానికి అంటినవి. 1999లో మేయరు రూడాల్ఫ్ జూలియానీ ప్రభుత్వం నూటికి పైగా తోటలను వేలానికి పెట్టినది. ఇళ్ళు లేని ప్రజలకు ఇళ్ళు కావలెను గదా అన్నది ప్రభుత్వ వాదం. దానిలో నిజం లేకపోలేదు. కాని తోటల వారు అడిగినది, నగరం చేతిలో ఇంకా ఎన్నో ఖాళీ స్థలాలు ఉండగా, ఇరవై ఏళ్ళు చెమటోడ్చి బాగుచేసిన స్థలాలే ఎందుకు కావలసివచ్చినవని. ఆ వాడలు అందమైనందువల్లనే ఆ నేలకు అంత ధర పలికినదనీ, ఆ అందం తెచ్చిన చేతులకు అందులో పాలు లేదనీ వారి గోడు.

వారు ఊరక కూర్చోలేదు. పూవుల వేషాలు, కూరగాయల వేషాలు వేసుకొని ఊరేగినారు. అంతకు ముందు ఏడు జరిగిన ఒక వేలంలో వేలాది కీచురాళ్ళను హాలులో విడిచిపెట్టి పాటదారులను కుర్చీలెక్కించినారు. న్యాయస్థానాలకు ఎక్కినారు. 1999 మేలో వేలానికి ముందురోజున ట్రస్టు ఫర్ పబ్లిక్ లాండ్ సంస్థ, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్టు కలిసి నలభై లక్షల డాలర్లకు పైగా ఇచ్చి ఆ తోటలను కొన్నవి.

అన్ని తోటలకూ ఆ అదృష్టం పట్టలేదు. ఏడవ వీథిలో 1978 నుండి ఉన్న ‘ఎస్పెరాంజా’ తోటను 2000 ఫిబ్రవరి 15న బుల్‌డోజర్లు చదును చేసినవి. స్పానిష్ భాషలో ఆ మాటకు ఆశ అని అర్థం. తోటల విధ్వంసాన్ని నిలుపుచేస్తూ న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చినది అదే రోజున, కాని అప్పటికే ఆ తోట నేలమట్టమైనది. 2002లో కొత్త మేయరు మైకేల్ బ్లూంబర్గు కాలంలో రాజీ కుదిరినది. సుమారు నాలుగు వందల తోటలు నిలిచినవి. సుమారు నూటయాభై తోటల స్థలాలను ఇండ్లకు వదులుకొనవలసివచ్చినది.

ఇంగ్లండులో ఈ చిక్కును చట్టంతోనే కొంత విప్పినారు. 1908 నాటి చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు గాని, పన్ను చెల్లించేవారు గాని కలిసి వ్రాసుకొంటే స్థానిక ప్రభుత్వం కూరమడుల కోర్కెను ఆలోచించి తీరవలె. 1925 చట్టం ప్రకారం అందుకై సేకరించిన నేలను మంత్రి అనుమతి లేక అమ్మరాదు. న్యూయార్కు వారికి అటువంటి చట్టం లేదు. వారికి ఉన్నది తాము నేర్చిన కట్టుబాటే.

నేడు ఆ నగరంలో గ్రీన్‌థంబ్ క్రింద అయిదు వందల యాభైకి పైగా తోటలున్నవి. నగరపు నేలలో నడిచే తోటలకు ఒక నియమం ఉన్నది: ఏప్రిలు నుండి అక్టోబరు వరకు వారానికి కనీసం ఇరవై గంటలు గేటు బార్లా తెరచి ఉంచవలె. మడి లేనివారు కూడ లోనికి వచ్చి నీడన కూర్చొనవచ్చును. సభ్యులలో కొందరు మొదట దీనిని కష్టంగా భావించడం సహజమే. కాయ పోతుందని భయం. కాని ఆలోచిస్తే ఇందులో ఒక రక్షణ ఉన్నది. కంచె వేసి తాళం పెట్టుకొన్న తోట పదిమంది సొత్తు. దాని కోసం వచ్చి నిలిచేవారు ఆ పదిమందే. గేటు తెరచిన తోటలో ఏదో ఒక సాయంత్రం కూర్చొన్న ముసలివారు, ఆడుకొన్న పిల్లలు, దారినపోతూ గోడవారగా నిలిచి పూలు చూసినవారు, వీరందరూ దానికి హక్కుదారులే.

మన పట్టణాలలో కూడ ముళ్ళకంపలు మొలచి చెత్తతో నిండిన స్థలాలు లేకపోలేదు. ఎవరైనా నలుగురు చేరి అటువంటి చోట పార పట్టదలచితే మొదట చేయవలసినది విత్తనాలు కొనడం కాదు. ఆ నేల ఎవరిదో విచారించి, ఎంతకాలానికి ఇచ్చినారో కాగితం మీద వ్రాయించుకొనవలె. రెండవది, గేటు ఏ వేళ తెరచి ఉంటుందో బోర్డు మీద వ్రాసి వ్రేలాడదీయవలె. బీరపాదు ఆ తరువాత పెట్టినా కాస్తుంది.