కోడిపుంజు గుర్తు - మన కొర్రల మూట

ఈ రోజు యాడో ఇటలీ దేశంలోని ద్రాక్ష తోటల సంగతి చెప్తా. వైన్ తాగమని కాదప్పా, మన మూట మీద మన ఊరి పేరు ఎందుకు లేదో ఆలోచించేదానికి.

ఇటలీలో కియాంటి అని ఒక కొండల సీమ ఉంది. ఆడ తయారయ్యే ఎర్ర వైన్‌కు చానా పేరు. బయటోళ్లు కూడా తమ సరుకును ఆ పేరుతోనే అమ్ముకుంటుంటే, 1716లో ఆ సీమను ఏలిన మూడో కోసిమో హద్దులు గీసి శాసనం చేసినాడు. అయినా మోసం ఆగలేదు. కాగితం మీద హద్దు ఉంటే చాలదు, కాపలా కాసేటోళ్లు ఉండాల కదా!

అందుకే 1924లో రాద్దా అనే ఊర్లో 33 మంది ఉత్పత్తిదారులు కూడి సంఘం పెట్టుకున్నారు. నల్ల కోడిపుంజు వాళ్ల గుర్తు. 1932లో సర్కారు చుట్టుపక్కల సీమలకు కూడా కియాంటి పేరు ఇచ్చేసింది. పాత సీమకు ‘క్లాసికో’ అనే తోక మిగిలింది. అయినా సంఘం చెదరలేదు. ఆ పుంజు ఇప్పటికీ సీసా మీద ఉంది.

ఇంకో నిజం కూడా చెప్పాల. ఆ తోటల్లో తరతరాలుగా చెమటోడ్చింది సగం పాలుకు చేసే కుటుంబాలు. 1964లో సగంపాలు ఒప్పందాలు కొత్తగా రాసుకోకూడదని చట్టం వచ్చే నాటికే చానా మంది పట్నాలకు పోయినారు, మనోళ్లు బెంగళూరుకు పోతున్నట్టే. ఇప్పుడు అదే సీమలోని పంజానో చుట్టూ ఎక్కువ తోటలు సేంద్రియమే.

మరి మన కాడ? 1990లో మన చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల స్నేహితులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు అని పేరు పెట్టినారు. బీడులో మళ్లీ చెట్టూ గడ్డీ లేచినాయి. 2008లో రైతులే సభ్యులుగా ధరణి సహకార సంఘం వచ్చింది. శెనక్కాయ ఒక్కటే నమ్ముకున్న చేలల్లోకి కొర్ర, సామ తిరిగొచ్చినాయి. ఒకరి చేను ఒకరు చూసి, మందు కొట్టలేదని గుంపుగా పూచీ పడతారు. ఒకడు తప్పు చేస్తే మాట అందరికీ వస్తుంది. అదే దాని బలం.

ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. హిందూపురం అవతల పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకూ ఉంది. మన శెనక్కాయ మాత్రం మండీకి పోయినాక ఎవరి చేనుదో ఎవురికీ తెలీదు. ధర చెప్పేది వాళ్లు, తలూపేది మనం.

మందు మానేస్తే మర్నాడే ధర వస్తుందని నేను చెప్పను. అట్ల రాదు. ముందు సంఘం, తర్వాత నమ్మకం, ఆ తర్వాతే ధర. ఆ పుంజు చెప్పేది ఇదే.

ఆడ 33 మంది కూడినారు. మీ ఊర్లో పది మంది దొరకరా అన్నా?